తెరిచి మూసిన పిడి

నేరం ఒప్పుకుని కూర్చున్న మనిషిని విడిపించమని నా దగ్గరికి ఒకరు రావడం అదే మొదటిసారి. వచ్చింది ఆ మనిషి కూతురే. ముప్పై దాటని అమ్మాయి. చేతుల మీద పాత కాలిన మచ్చలు, మాటలో మాత్రం తడబాటు లేదు. నా బల్ల మీదున్న కేసు కాగితాలన్నీ ఒక పక్కకి నెట్టేసి, గుడ్డలో చుట్టి తెచ్చిన మూడు కత్తులు వరసగా పెట్టింది.

"వీటిలో ఒకటి తీసుకోండి సార్."

"ఎవర్ని పొడవాలమ్మా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. నా జోకులకి మా ఆవిడే నవ్వదు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

"మీరు డైవరు. బార్జీ అడుగున పంకాకి లావుపాటి తాడు చుట్టుకుపోయింది. నీళ్ళు బురద, మీ చెయ్యి మీకే కనపడదు. తాడు కొయ్యాలి, పంకాలో ఇరుక్కున్న ముక్కల్ని పెకలించి లాగాలి. ఏ కత్తి తీసుకుని దిగుతారు?"

నాకు ఈత కూడా సరిగ్గా రాదు. అయినా పరువు కోసం అన్నింటిలోకీ భయంకరంగా ఉన్నదాన్ని తీశాను. వీపు మీద రంపంలా పళ్ళు, సూదిమొన, గుండ్రటి పిడి, పిడి చివర చిన్న దిక్సూచి కూడా ఉంది.

"ఇది తీసుకుని దిగితే మీ ఇంటికి కబురు పెట్టాల్సిందే" అంది. "ఈ పిడి బోలు. లోపల సూదీ దారం దాచుకోవచ్చు. బ్లేడుని పట్టి ఉంచే ఇనుము మాత్రం బొటనవేలంత. పెకలించారంటే బ్లేడు తాళ్ళలో ఉంటుంది, పిడి మీ చేతిలో ఉంటుంది. పైగా ఆ పళ్ళు తాడు పీచులో ఇరుక్కుంటాయి. ఆ మొన చీకట్లో ఒర వెతుక్కుంటూ మీ తొడలోనే దిగుతుంది."

దాన్ని మర్యాదగా కింద పెట్టి, అద్దంలా మెరుస్తున్న రెండోది ముట్టుకున్నాను.

"అది వంటింట్లో బాగుంటుంది. ఉక్కు మరీ గట్టిది. పదును నెలల తరబడి పోదు గానీ, అడ్డంగా బలం పడితే గాజులా పెళ్ళుమంటుంది. మోటుపనికి వంగి మళ్ళీ యథాస్థానానికి వచ్చే ఉక్కు కావాలి. పదును కాస్త తొందరగా పోయినా పరవాలేదు, నూరుకోవచ్చు."

మిగిలింది మూడోది. నల్లగా, మొద్దుగా, మొన దగ్గర ఉలిలా తెగ్గొట్టినట్టుంది. బజారులో చూస్తే నేను రెండోసారి తిరిగి చూడను. దాన్ని ఒరలో పెట్టి, తలకిందులు చేసి గట్టిగా విదిలించింది. కత్తి జారలేదు.

"ఇది మా నాన్నది. బ్లేడూ తోకా ఒకే ఇనుప ముక్క. తోక అంటే పిడిలోకి వెళ్ళే భాగం. మా కత్తిలో అది పిడి చివరిదాకా అదే వెడల్పుతో వస్తుంది. దానికి రెండు పక్కలా చెక్కలు పెట్టి రివెట్లు కొడతాం. గ్లవ్సు తొడిగిన చేతికి సరిపడేలా పిడి అరగదీస్తాం. ఇలాంటిది విరగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు."

"అన్నీ మీ నాన్నగారే చేస్తారా?"

"కొలిమి ఆయనది. పిడీ ఒరా నావి. ఈమధ్య ఆయనకి చూపు ఆనడం లేదు. దెబ్బ చేతి అలవాటుతో వేస్తారు. బ్లేడు మీద ముద్ర మాత్రం ఇప్పటికీ ఆయనే కొడతారు."

ఆ ఆఖరి మాట కొంచెం పుల్లగా అంది. తండ్రీకూతుళ్ళ మధ్య ఉండే సంగతే అనుకుని వదిలేశాను.

కేసు చిన్నదే. రేవులో డైవర్లందరికీ కొత్త కత్తులు కొనాలనుకున్నారు. రెండు కత్తులు పోటీకి వచ్చాయి. ఒకటి ఈ కమ్మరిది, రెండోది హార్డ్‌వేర్ కొట్టు ద్వారా పార్శిల్లో వచ్చింది. ఎవరూ పక్షపాతం చూపకుండా రెండింటికీ ముద్ర ఉండే చోట టేపు అంటించారు. బెంచీ వైసులో బిగించి, పిడికి ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరు మనుషులు దాని మీద వేలాడాలి. ఏది తట్టుకుంటే అది కొంటారు. పరీక్షకి గంట ముందు ఒక బార్జీ పంకాకి తాడు చుట్టుకుంది. పెద్ద డైవరు, రేవంతా 'మొసలి' అని పిలిచే మనిషి, అర్జంటుగా దిగాల్సొచ్చింది. తన పాత కత్తి మొండిదని బల్ల మీది కొత్త కత్తుల్లో ఒకటి తీసుకున్నాడు. అడుగున తాడు అతని కాలికీ బిగుసుకుంది. పెకలించబోతే కత్తి పిడి దగ్గర విరిగింది. రెండో డైవరు దిగేసరికి అంతా అయిపోయింది. టేపు తీస్తే కింద కమ్మరి ముద్ర. పోలీసులు అడగ్గానే కమ్మరి, తప్పు నాదే అన్నాడట. రేపు కోర్టుకి తీసుకెళ్తారు.

"మా నాన్న తప్పు చెయ్యలేదు సార్. ఆ పిడి విప్పించండి. మా తోకకి రివెట్ల బెజ్జాలు తప్ప ఇంకేమీ ఉండవు. అవి కొలిమిలో కాల్చకముందే వేస్తాం, అందుకని బెజ్జం లోపలి గోడ కూడా నల్లగా మాడి ఉంటుంది. తర్వాత వేసిన బెజ్జమైతే లోపల తెల్లగా మెరుస్తుంది. లోపల చూడమనండి."

"విరిగిన కత్తి నీకు చూపించారా?"

"లేదు. కోర్టులోనే చూడమన్నారు."

కత్తులు మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటూ, "ఆయన్ని ఇంటికి తీసుకురండి సార్, చాలు" అంది.

*

రేవులో సామాన్ల గది పొడుగ్గా ఉంది. ఒక పక్క కొక్కేలకి తడి సూట్లు, ఒక పక్క సిలిండర్లు, మధ్యలో వైసు బిగించిన బల్ల. నన్ను లోపలికి తీసుకెళ్ళింది తాడు మనిషి. డైవరు కింద ఉన్నంతసేపూ పైన నిలబడి అతని నడుముకి కట్టిన తాడు పట్టుకునేది ఇతనే. ఇన్నేళ్ళూ మొసలి తాడు మరొకరు పట్టలేదు.

"కత్తి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. రెండూ ఈ బల్ల మీదే ఉన్నాయి. రెండూ చేతిలోకి తీసుకున్నాడు. ముద్రల మీద టేపు ఉంది కదా, అయినా ఒక పిడి పట్టుకోగానే నవ్వాడు. 'ఇది మన కమ్మరిదిరా, కళ్ళు మూసుకుని దిగొచ్చు' అన్నాడు."

"రెండోదాన్ని ఏమన్నాడు?"

"దాన్ని ఒకటికి రెండుసార్లు చూశాడు. 'బాగుంది, ఎవడిదో గానీ' అన్నాడు. తెలియనిదాంతో దిగడం ఎందుకని పక్కన పెట్టేశాడు." అతను అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "కాసేపటికి తాడు గట్టిగా గుంజాడు. లాగితే రాలేదు. మళ్ళీ గుంజలేదు."

నేను బల్ల దగ్గరికి నడిచాను.

"బల్ల మీదకి కత్తులు ఎప్పుడొచ్చాయి? మధ్యలో ఎవరైనా తీసుకెళ్ళారా?"

"కమ్మరి కత్తి ముందురోజు సాయంత్రం వాళ్ళమ్మాయి తెచ్చి ఇచ్చింది. అప్పుడే టేపు వేసి గది తాళం వేశాను. తాళంచెవి నా మెడలోనే ఉంటుంది, స్నానానికి కూడా తియ్యను. పొద్దున నేనే తెరిచాను. మొసలి నా వెనకాలే వచ్చాడు."

వైసు చూశాను, బల్ల సొరుగులు లాగి చూశాను. రెంచీలు, గ్రీజు, తాడు ముక్కలు. డ్రిల్లు లేదు.

"డ్రిల్లా? ఇక్కడెందుకు సార్? రిపేర్లన్నీ బయటికే పంపిస్తాం."

పోటీలో మిగిలిన రెండో కత్తి ఇంకా అక్కడే ఉంది. మొసలి పోయిన మూడోరోజు మేనేజరు పట్టుబట్టి దానికొక్కదానికే పరీక్ష పెట్టించాడట. ఇద్దరు గొట్టం మీద వేలాడితే వంగింది, దిగగానే మళ్ళీ సాఫుగా వచ్చేసింది. డైవర్లందరూ అదే కావాలని సంతకాలు కూడా పెట్టారు. చేసినవాళ్ళు ఎవరో హార్డ్‌వేర్ కొట్టువాడికీ తెలియదు, ఎవరో వచ్చి పార్శిలు ఇచ్చి వెళ్ళారన్నాడు. టేపు తీసి చూశాను. కింద ముద్ర లేదు, ఖాళీ ఇనుము. రసీదు రాసిచ్చి ఆ కత్తి నాతో తెచ్చుకున్నాను.

*

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు మా ఆవిడ తమ్ముడు. చిన్నప్పుడు నా స్కూటరు ముందు నిలబడి హారన్ కొట్టినవాడు. ఇప్పుడు నన్ను చూస్తే వాడికి ఒళ్ళు మండుతుంది. అక్క మీద గౌరవం కొద్దీ కుర్చీ మాత్రం వేయిస్తాడు.

"రండి బావగారూ. ముద్దాయి ఒప్పుకున్న కేసులో కూడా మీకు పనుందా?"

"మీ అక్క నిన్ను ఆదివారం భోజనానికి రమ్మంది. ఆ పిడి విప్పావా?"

"విప్పకుండా ఉంటామా? మమ్మల్ని మరీ అంత చవటల్ని చెయ్యకండి."

ఒక ట్రే నా ముందుకి తోశాడు. బ్లేడు, విరిగిన తోక, రెండు చెక్కలు. తోక విరిగిన అంచు తపాలాబిళ్ళ అంచులా ఉంది. పిడి మొదట్లో, చెక్కల చాటున, అడ్డంగా వరసగా సన్నటి బెజ్జాలు వేశారు. అంచుల దగ్గర మాత్రం వదిలేశారు, పక్కనుంచి చూసినవాళ్ళకి నిండు ఇనుమే కనిపించేలా.

"కమ్మరి ఏమన్నాడో తెలుసా? 'బరువు తగ్గించడానికి బెజ్జాలు వేశాను, అక్కడ వెయ్యకూడదని తోచలేదు' అన్నాడు. రాసి, చదివి వినిపించి, వేలిముద్ర కాదు, సంతకం తీసుకున్నాను. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయింది. ఇంక మీరు ఇంటికెళ్ళి మా అక్కకి కూరగాయలు తరిగిపెట్టండి."

భూతద్దం అడిగాను. వాడు విసుక్కుంటూనే ఇచ్చాడు.

"రివెట్టు బెజ్జం లోపల చూడు. ఏ రంగుంది?"

"నలుపు."

"ఈ వరస బెజ్జాల్లో?"

వాడు వంగి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు.

"కొంచెం తుప్పు పట్టింది గానీ... లోపల తెల్లగా ఉంది."

"కొలిమిలో పెట్టకముందు వేసినవి నల్లగా మాడతాయి. ఇవి కత్తి పూర్తయ్యాక వేసినవి. కమ్మరి చేసేటప్పుడు బరువు కోసం వేశానన్నది పచ్చి అబద్ధం. పైగా ఆయనకి చూపు ఆనదు. అంత సన్న బెజ్జాలు గీత గీసినట్టు వెయ్యగలడా? పరీక్షలో ఆయన కత్తి విరగాలని ఎవరో పన్నిన పన్నాగమిది. బల్ల మీద విరిగితే పరువే పోయేది. మొసలి ముందే తీసుకుని దిగాడు కాబట్టి మనిషి పోయాడు. వదిలెయ్, ఆయన్ని ఇంటికి పంపించు."

నాకు చాలా ఆనందంగా ఉంది. వాడి మొహంలో రంగు మారడం చూసి ఇంకొంచెం ఆనందించాను కూడా. కానీ మా బావమరిది తెలివితక్కువవాడు కాదు. అది నేను అప్పుడప్పుడూ మర్చిపోతుంటాను.

వాడు ఒక చెక్క తీసి వెలుగులో తిప్పాడు.

"సరే, ఒప్పుకున్నాను. మరి ఒక్కటి చెప్పండి బావా. పూర్తయిన కత్తికి చెక్కలు ఊడదీసి, బెజ్జాలు వేసి, మళ్ళీ మూసిందెవరు? ఈ రివెట్టు తలలు చూడండి. అతుకు చూడండి, గోరు కూడా దిగదు. మేం విప్పినప్పుడు కూడా, దీన్ని అంతకుముందు ఒకసారి తెరిచారని మా లాబొరేటరీ ఆయన అనుకోలేదు. ఇలా మూసే చెయ్యి ఊళ్ళో ఎన్ని ఉంటాయి?"

పిడీ ఒరా నావి అన్న మాట చెవిలో వినిపించింది. ముందురోజు సాయంత్రం కత్తి తెచ్చి ఇచ్చింది ఆ అమ్మాయే. తాళం వేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అన్నిటికంటే ముఖ్యం, విరిగిన కత్తి కళ్ళతో చూడకుండానే బెజ్జాల లోపల చూడమని నాకు చెప్పింది.

"ఏంటి బావా, గొంతులో ముల్లు పడ్డట్టు ఆగిపోయారు?"

"కమ్మరితో ఒకసారి మాట్లాడనివ్వు."

వాడు నన్ను తేరిపార చూశాడు. ఏమనుకున్నాడో, తాళాలు తీయించాడు.

*

కమ్మరి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన పెట్టిన టీ గ్లాసు కోసం చెయ్యి చాపితే ఒక పక్కకి పోయింది. నేను గ్లాసు అందించాను. తర్వాత రేవు నుంచి తెచ్చిన రెండో కత్తి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని కళ్ళతో చూడలేదు. వేళ్ళతో చూశాడు. బొటనవేలు వెన్ను మీదుగా నడిపించాడు, పిడి పిడికిట్లో బిగించాడు, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట తగిలి ఆగిపోయాడు. గోటితో బ్లేడు మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"దీన్ని వంచి చూశారా?" అన్నాడు.

"ఇద్దరు వేలాడారట. వంగి తిరిగొచ్చింది."

"నా కత్తి అంత వంగితే అలాగే ఉండిపోయేది." ఆయన గొంతులో అసూయ లేదు. "నా జన్మలో ఇంత మంచి కత్తి చెయ్యలేదు సార్. అన్యాయం ఏంటంటే, ఏ మోసం లేకుండా బల్ల మీద పెట్టినా ఇదే గెలిచేది."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఇన్‌స్పెక్టర్ గారు విరిగిన పిడి చేతికిచ్చినప్పుడు. విరిగిన చోట బెజ్జాలు వేలికి తగిలాయి, ఆపైన రివెట్టు తల తడిమితే చాలదా? ఆ నునుపు ఎవరి చేతిదో నాకు తెలియదా?" టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. "తన ముద్ర వేసుకుంటానని అమ్మాయి ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. పని ఇంకా రాలేదు అనేవాణ్ణి. పని వచ్చిందని నాకు తెలుసు. ముద్ర ఇచ్చేస్తే ఇక ఆ కొలిమి దగ్గర నాకేం పని అనుకున్నాను. అంతే సార్, అంత చిన్న బుద్ధి."

"మీరు చెయ్యని తప్పుకి జైలుకెళ్తారా?"

"నాకెన్నేళ్ళు మిగిలాయి? దానికి బోలెడు జీవితం ఉంది. ఇంత చెయ్యి ఉన్న మనిషి జైల్లో కూర్చుంటే ఎలా సార్?" నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "నన్ను విడిపించమని అది మిమ్మల్ని అడిగింది. వద్దని నేను అడుగుతున్నాను. బెజ్జాలు చూడలేదనుకోండి."

నేను చెప్పేశాననీ, భూతద్దం పెట్టి మరీ చూపించాననీ ఆయనతో ఎలా అనను? ఎప్పుడూ లేనిది, నా తెలివి మీద నాకే కోపం వచ్చింది. రెండో కత్తి తీసుకుని బయటికొచ్చాను.

ఆ అమ్మాయి అప్పుడే తండ్రికి క్యారియర్ తీసుకుని లోపలికొస్తోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"పిడి విప్పించారా సార్?"

"విప్పారు."

"అయితే నాన్న తప్పు లేదని తేలిందా?"

"తేలింది" అన్నాను.

మా బావమరిది నా చేతిలోని కత్తి లాక్కుని బల్ల మీద పెట్టాడు. రేవు మేనేజరుతో ఫోన్లో మాట్లాడి అప్పుడే పెట్టేసినట్టున్నాడు, ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు.

"కూర్చోమ్మా. మీ నాన్న విషయం కొంచెం మారింది, చెప్తాను. ముందు ఈ కత్తి చేసిందెవరో తెలిస్తే బాగుండు. రేవులో ప్రతి డైవరూ ఇదే కావాలంటున్నాడు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదట. చేసినవాడు మాత్రం ముద్ర కూడా కొట్టుకోకుండా మాయమైపోయాడు. వాడు దొరికితే పిడిని అలా మూసే మనుషులెవరో కూడా చెప్పగలడు."

నేను వాడి వైపు చూశాను. వాడు మామూలుగానే అన్నాడు, వల వేసి అన్నది కాదు. ఆ అమ్మాయి నోరు మూసుకుని ఉంటే సాయంత్రానికి తండ్రి ఇంటికొచ్చేవాడు. తర్వాత ఎవరిని ఎప్పుడు పట్టుకునేవాళ్ళో, అసలు పట్టుకునేవాళ్ళో లేదో. నా వంతుగా నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

ఆ అమ్మాయి క్యారియర్ కింద పెట్టింది. కత్తి దగ్గరికొచ్చి, పిడి మీద చెయ్యి వేసింది.

"ఇది నేను చేశాను."

బావమరిది నవ్వబోయి ఆగాడు.

"మొత్తం నేనే చేశాను. కొలిమి పని కూడా. నాన్న నిద్రపోయే మధ్యాహ్నాల్లో." చెయ్యి తియ్యకుండానే అంది. "ఆ బెజ్జాలు కూడా నేనే వేశాను. బల్ల మీద అందరి ముందూ విరగాలని వేశాను. విరిగితే ఈ కత్తి ఎవరిదని అడుగుతారు, అప్పుడు నాదని చెబుదామనుకున్నాను. దాన్ని ఎవరైనా నీళ్ళలోకి తీసుకెళ్తారని తోచలేదు. మొసలి బాబాయి చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు సార్."

ఊచల వెనక కమ్మరి లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. ఆయన తడుముకుంటూ ముందుకొచ్చి ఊచలు పట్టుకుని, కూతురి గొంతు వినిపించిన వైపు మొహం పెట్టాడు.

"అమ్మా, నూనెలో ముంచేటప్పుడు వెన్ను ముందా, వాదర ముందా?"

"వాదర ముందు నాన్నా. పదును వైపే నూనెలోకి దించి, వెన్ను పైనే ఉంచాను. సగం దాకా."

"తర్వాత?"

"తర్వాత బూడిదలో పెట్టాను, తెల్లారేదాకా. మీరు ఒద్దనేవాళ్ళు కదా..." ఆ అమ్మాయి ఇక ఆపుకోలేకపోయింది. ఏడుస్తూనే మిగతాది కూడా చెప్పింది, ఏ రంగు వచ్చాక తీసిందో, ఎన్నిసార్లు చెడిపోయిందో. ఆయన తలూపుతూ విన్నాడు.

మా బావమరిది పెన్ను తీశాడు గానీ, వాళ్ళ మాటలు పూర్తయ్యేదాకా ఒక్క అక్షరం కూడా రాయలేదు.